రెండు ఇనుముల నడుమ



మీ వంటింట్లో ప్రెషర్ కుక్కరు ఉండే ఉంటుంది. ఈసారి అమ్మో నాన్నో దాన్ని కడిగి బోర్లించినప్పుడు, మూత చేతిలోకి తీసుకుని లోపలి అంచు చూడండి. అంచు చుట్టూ ఒక రబ్బరు పట్టీ కనిపిస్తుంది. దాన్ని గాస్కెట్టు అంటారు. అది పాతబడి గట్టిపడితే కుక్కరు కూత వెయ్యదు. ఆవిరంతా అంచు వెంట బుస్సుమని పోతుంది. పప్పు ఎంతసేపటికీ ఉడకదు. గిన్నె మంచిదే, మూత మంచిదే, పొయ్యీ మంచిదే. వాటి నడుమ ఉండవలసిన ఒక చవక రబ్బరు ముక్క సరిగా లేదు, అంతే.

హైదరాబాదులో దమ్ బిర్యానీ వండేవారికి ఈ రబ్బరుతో పని లేదు. వాళ్లు తడిపిన పిండిని తాడులాగా పేని, గిన్నె అంచు మీద చుట్టూ పెట్టి, దాని మీద మూత అదుముతారు. ఇక ఆవిరి బయటికి పోదు. మాంసమూ బియ్యమూ ఆ ఆవిరిలోనే మగ్గుతాయి. రబ్బరు పట్టీ ముందుగానే కొలతకు చేసి తెచ్చిన గాస్కెట్టు. పిండి అప్పటికప్పుడు పూసే లేపనం. ఇటువంటి దాన్ని సీలంటు అంటారు. రెండూ చేసే పని ఒకటే: రెండు గట్టి వస్తువులు కలిసేచోట మిగిలిపోయే సందును మూసెయ్యటం.

ఈ సందుల సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. అయితే వంటింట్లో కాదు, మోటారు షెడ్డులో.

నేను బడిపంతులుగా చేరి, హెడ్మాస్టరుగా పని విరమించినవాణ్ణి. లెక్కలూ సామాన్యశాస్త్రమూ చెప్పేవాణ్ణి. నా దగ్గర చదువుకున్న ఒకతను మా ఊళ్లోనే కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. అతన్ని ఊరంతా మేస్త్రి అంటారు. నేనూ అట్లాగే పిలుస్తాను. మొన్నటి వేసవిలో అతని షెడ్డుకు ఒక పాత అంబాసిడర్ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. దాని ఇంజను పూర్తిగా విప్పి మళ్లీ కట్టటానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ నేను అక్కడే ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మేస్త్రి కూతురు సెలవుల్లో ఊరికే ఉండలేక, టార్చిలైటు పట్టుకుని నా పక్కన నిలబడేది. ఈ కథలో ఆ అమ్మాయికి మంచి పాత్రే ఉన్నది, చూస్తారుగా.

అంబాసిడర్ కారును మీలో చాలామంది సినిమాల్లోనే చూసి ఉంటారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, 1950ల చివరలో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో దాన్ని చెయ్యటం మొదలుపెట్టారు. 2014లో ఆపేశారు. మంత్రులూ కలెక్టర్లూ ఎక్కిందీ అదే, రైలు దిగిన పెద్ద కుటుంబం మూటలతో సహా ఎక్కిందీ అదే. షెడ్డుకు వచ్చిన కారు చాలా ఏళ్లు టాక్సీగా తిరిగింది. దాని యజమానే దాని డ్రైవరు. ఇప్పుడు టాక్సీకి దాన్ని ఎవరూ పిలవరు గాని, పెళ్లి ఊరేగింపులకు పూలు కట్టి తీసుకుపోతారు. ఆ బాడుగలతోనే ఆయన ఇల్లు గడుస్తున్నది, మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

“పంతులుగారూ, ఈసారికి పెట్టగల డబ్బు నా దగ్గర ఉన్నది. ఇంకోసారి ఇట్లా అయితే పాత ఇనుము వాళ్లకు తూకానికి ఇచ్చెయ్యటమే,” అన్నాడాయన నాతో మొదటిరోజునే.

అసలు ఇంజను ఎట్లా పాడయిందో తెలియాలంటే, దాని లోపల ఏముంటుందో కొంచెం చెప్పుకోవాలి.

ఈ కారు ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. అడుగున ఉన్న పెద్ద పోత ఇనుపముద్దను బ్లాకు అంటారు. సిలిండర్లు అందులో తొలిచిన గుండ్రని బావుల వంటివి. వాటన్నిటికీ కలిపి పైన ఒకే మూత. అదీ పోత ఇనుమే. దాన్ని హెడ్డు అంటారు. అడుగున నూనె నిలవ ఉండే రేకు తొట్టి ఉంటుంది. షెడ్డుల్లో దాన్ని చాంబరు అంటారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక్కొక్క సిలిండరు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. అంటే దాని నోటి వైశాల్యం సుమారు 42 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి అంటుకున్నప్పుడు, లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 40 కిలోలు అనుకోండి. 42ను 40తో హెచ్చించండి. 1680 కిలోలు! కారు మొత్తం బరువు కన్నా ఎక్కువ బలం, ఒక్క క్షణం పాటు, ఆ మూతను పైకి తన్నుతుందన్నమాట. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు ఇట్లా జరుగుతుంది. నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు నూరుసార్లు!

ఆ మంటకు అర అంగుళం దూరంలోనే ఇంజనును చల్లబరచే నీళ్లు పారుతుంటాయి. ఇంకొక రంధ్రంలోంచి నూనె పైకి పోతుంటుంది. నిప్పు, నీరు, నూనె: మూడూ ఒకే గోడ దాటి పోవాలి, కాని ఒకదాన్నొకటి తాకగూడదు. ఆ గోడ బ్లాకూ హెడ్డూ కలిసేచోటు. అక్కడ వాటిని వేరుచేసేది మిల్లీమీటరో, అంతకు కొంచెం ఎక్కువో మందం గల ఒక రేకు. అదే హెడ్డు గాస్కెట్టు. మెకానిక్కులు గాస్కెట్టును చాలాసార్లు ‘ప్యాకింగు’ అని కూడా అంటారు.

“తాతగారూ, రెండు ఇనుములనూ బాగా నున్నగా చెక్కి గట్టిగా బిగిస్తే చాలదా? నడుమ ఇది ఎందుకు?” అని అడిగింది అమ్మాయి.

మంచి ప్రశ్న. చేతికి నున్నగా తగిలే ఇనుము భూతద్దంతో చూస్తే దున్నిన పొలంలాగా ఉంటుంది. ఒక దాని గట్లు ఇంకొకదాని గట్లకు ఆనుకుంటాయి గాని, చాళ్లు మాత్రం ఖాళీగానే ఉండిపోతాయి. ఆ చాళ్ల వెంట నీరూ నూనే దారి చేసుకుంటాయి. ఇనుము కన్నా మెత్తనిది నడుమ పెట్టి బిగిస్తే, అది అణిగి చాళ్లన్నిటినీ నింపుతుంది. గట్టివాళ్లిద్దరు కలవాలంటే మధ్యవర్తి మెత్తనివాడై ఉండాలి!

ఇక ఆ కారుకు వచ్చిన జబ్బు ఏమిటో చెబుతాను. అంతకుముందు సంవత్సరం ఎక్కడో ఒక షెడ్డులో దాని చాంబరు విప్పి బిగించారు. నూనె కారకూడదని, గాస్కెట్టు చుట్టూ ఎర్రటి సిలికోను పేస్టును దిబ్బలు దిబ్బలుగా పూశారు. బయట ఒక్క చుక్క కూడా కారలేదు. డ్రైవరుగారు సంతోషించాడు. కాని పిల్లలూ, రెండు రేకుల నడుమ ఎక్కువైన పేస్టు బిగించినప్పుడు ఎటు పోతుంది? సగం బయటికి వస్తుంది, సగం లోపలికి పోతుంది. బయటికి వచ్చినదాన్ని తుడిచెయ్యవచ్చు. లోపలికి పోయినది ఎవరికీ కనిపించదు. అది గట్టిపడి, వానపాముల్లాగా వేలాడి, కొన్నాళ్లకు తెగి నూనెలో పడింది. చాంబరులో నూనె పంపుకు ముందు ఒక జల్లెడ ఉంటుంది. ముక్కలు దాన్ని కప్పేశాయి. సన్నని ముక్కలు జల్లెడ దాటి ఫిల్టరును నింపాయి. ఫిల్టరు నిండిపోతే నూనె బొత్తిగా ఆగిపోకుండా పక్కదారి ఇచ్చే వాల్వు ఒకటి ఉంటుంది. ఆ దారి వెంట ఇంకొన్ని తునకలు ఇంజను రక్తనాళాల్లోకి పోయాయి.

మూడో సిలిండరుకు చెందిన బేరింగుకు నూనె అందలేదు. ఇనుము ఇనుముతో రాసుకున్నది. ఒక పెళ్లి ఊరేగింపు మధ్యలో ఇంజను లోపల టకటకమని సుత్తి కొట్టినట్టు చప్పుడు చేసి, కారు నిలిచిపోయింది. పెళ్లికొడుకు దిగి నడిచిపోయాడు.

మేస్త్రి చాంబరు విప్పి, జల్లెడలో ఇరుక్కున్న ఎర్రటి ముక్కలను ఒక తెల్లగుడ్డ మీద పరిచి మాకు చూపించాడు. “మాస్టారూ, కారకుండా చెయ్యటానికి వేసిందే దీన్ని చంపింది,” అన్నాడు.

ఇంజను విప్పగానే మొదటి పని పాత గాస్కెట్లను గీకెయ్యటం. ఇక్కడ పెద్దలు ముఖ్యంగా వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ కాలపు హెడ్డు గాస్కెట్లలో పైనా కిందా పల్చటి రాగిరేకు, నడుమ ఆస్‌బెస్టాసు ఉండేది. తెలుగులో దాన్ని రాతినార అంటారు. పేరు ఎంత చక్కగా కుదిరిందో చూడండి: అది రాయే, కాని నారలాగా పోగులు పోగులుగా విడిపోతుంది. కడప జిల్లాలో పులివెందుల ప్రాంతాన దీని గనులు ఉండేవి. నిప్పుకు కాలదు గనుక ఒకప్పుడు దీన్ని ఎన్నో పనులకు వాడారు. అయితే దీని పోగులు కంటికి కనపడనంత సన్నగా గాలిలో తేలి, ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతాయి. ఇరవై ముప్ఫై ఏళ్ల తరువాత కాన్సరు మొదలైన జబ్బులు తెస్తాయి. ఇది ఈనాడు వైద్యశాస్త్రం రూఢిగా చెప్పిన మాట.

మేస్త్రి తన గురువు దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో, పాత గాస్కెట్టును పొడిగానే గీకి, పొడిని నోటితో ఉఫ్ మని ఊదేవారట. ఇప్పుడతను అట్లా చెయ్యనివ్వడు. కూతుర్ని దూరంగా పంపాడు. ముక్కుకు తగిన మాస్కు కట్టుకున్నాడు. గాస్కెట్టును సబ్బు నీళ్లతో బాగా తడిపి, తడిగానే చదునైన స్క్రాపరుతో మెల్లగా తీసి, ముక్కలన్నీ తడిగుడ్డతో సహా మందపాటి సంచిలో వేసి మూతి కట్టాడు. గాలి గొట్టం గాని, తిరిగే తీగ బ్రష్షు గాని దగ్గరికి రానివ్వలేదు. కొత్తగా తెచ్చిన గాస్కెట్టులో రాతినార లేదు. వేరే పదార్థం పెట్టి చేసినది. మీ ఇళ్లల్లో ఎవరైనా పాత బండ్లు విప్పుతుంటే, ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి.

తరువాత హెడ్డు సమంగా ఉన్నదా లేదా అని చూడాలి. మేస్త్రి ఒక ఇనుప పట్టీని హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, దాని కింద సన్నని ఉక్కు రేకులను దూర్చి చూశాడు. వాటిని ఫీలర్ గేజి అంటారు. 0.05 మిల్లీమీటర్ల రేకు, అంటే మీ నోటుపుస్తకం కాగితంలో సుమారు సగం మందం గల రేకు, ఎక్కడా దూరలేదు. “బాగుంది,” అన్నాడు. దూరి ఉంటే హెడ్డును మిషను మీద చెక్కించవలసి వచ్చేది. వంగిన హెడ్డుకు ఎంత పేస్టు పూసినా లాభం లేదు.

క్రాంకు అనే బరువైన ఇరుసును పట్నం పంపి సానపట్టించి తెచ్చారు. దాని లోపల నూనె పోవటానికి ఏటవాలు రంధ్రాలు ఉంటాయి. బేరింగు కాలినది మూడో సిలిండరుది గనుక అందరి కళ్లూ ఆ రంధ్రం మీదనే. మేస్త్రి దాంట్లో తీగ బ్రష్షు పెట్టి తోమి, కిరసనాయిలు పోసి కడిగాడు. ధార బాగా వచ్చింది. మిగిలిన మూడింటిలోనూ పోశాడు. వాటిలోంచీ వచ్చింది.

“అయిపోయింది,” అన్నాడు డ్రైవరుగారు. ఆ వారంలోనే ఒక పెళ్లికి బయానా తీసుకున్నాడు. ఆయన తొందర ఆయనది.

“నాన్నా, ఒకటో దాని ధార ఎందుకు సన్నగా వచ్చింది?” అన్నది అమ్మాయి.

మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేస్త్రి మళ్లీ పోశాడు. నిజమే. మిగిలినవి పెన్సిలు లావున వస్తే, అది అగ్గిపుల్ల లావున వచ్చింది. టార్చి వేసి చూస్తే చీకటి. సన్నని తీగ కొనను కొంచెం వంచి లోపలికి పంపి లాగాడు. బియ్యపు గింజంత ఎర్రటి తునక బయటికి వచ్చింది.

మేస్త్రి ఏమీ అనలేదు. ఆ తునకను కూతురి అరచేతిలో పెట్టాడు. డ్రైవరుగారు దాన్ని చాలాసేపు చూసి, ఫోను తీసి, పెళ్లివారికి వేరే కారు చూసుకోమని చెప్పి, “బయానా రేపు తెచ్చి ఇస్తాను,” అన్నాడు. “నీకు ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు తీసుకో, నాయనా,” అని మేస్త్రితో అన్నాడు. ఆ తునక అక్కడే ఉండిపోతే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇక కట్టటం మొదలైంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం గాస్కెట్టు. ఏది ఎక్కడ ఎందుకో చెబుతాను.

నీళ్ల పంపుకూ, ముందువైపు గొలుసు కవరుకూ కాగితం గాస్కెట్లు. వీటికి నూనెకూ నీటికీ నానని ప్రత్యేకమైన మందపాటి కాగితం ఉంటుంది. బజారులో దొరకకపోతే మేస్త్రులు తామే చేసుకుంటారు. కాగితాన్ని ఆ భాగం మీద పరిచి, గుండ్రటి తల గల చిన్న సుత్తితో అంచుల వెంట టకటక తట్టుతారు. ఇనుము అంచే కత్తెర అవుతుంది. బోల్టు రంధ్రం మీద సైకిలు బేరింగు గోలీని పెట్టి ఒక్క దెబ్బ వేస్తే, గుండ్రని బిళ్ల తెగి పడుతుంది. అమ్మాయి నాలుగు ప్రయత్నాల్లో చక్కని గాస్కెట్టు చేసింది. అయితే అల్యూమినియం వంటి మెత్తని లోహం మీద ఇట్లా కొట్టగూడదు. అక్కడ పెన్సిలుతో గీసి, కత్తెరతో కోసుకోవాలి.

పైనున్న టాపెట్ కవరుకూ, కింది చాంబరుకూ బెండు గాస్కెట్లు. ఈ బెండు పోర్చుగల్ మొదలైన దేశాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును కొట్టకుండా, సుమారు తొమ్మిదేళ్లకు ఒకసారి బెరడు మాత్రం ఒలుచుకుంటారు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద ఈ బెండునే చూసి, అందులోని గదులకు ‘సెల్’ అని పేరు పెట్టాడు. మీ పాఠంలోని జీవకణం పేరు అక్కణ్ణుంచే వచ్చింది! ఆ గదుల నిండా గాలి ఉంటుంది. అందుచేత బెండును పైనుంచి నొక్కితే అణుగుతుంది గాని, రబ్బరులాగా పక్కలకు ఉబ్బదు. పల్చటి రేకుల నడుమ ఇది చాలా మంచి గుణం. అయితే, బాగా బిగిస్తే ఇంకా మంచిదనుకుని బలమంతా పెట్టారో, బెండు చీలుతుంది, రేకు వంగుతుంది. అప్పుడు కారటం తప్పదు.

కాగితానికి పల్చగా పూసిన లేపనం ఏమిటో తెలుసునా? లక్క! అవును, ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టించే లక్కే. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద ఉండే చిన్న పురుగులు దాన్ని స్రవిస్తాయి. దాన్ని శుద్ధిచేసి స్పిరిటులో కరిగిస్తే, చిక్కటి బెల్లం పాకంలాంటి ద్రవం వస్తుంది. షెడ్డుల్లో దాన్ని షెల్లాక్ అంటారు. లక్క స్పిరిటులో కరుగుతుంది గాని, నూనెలోనూ పెట్రోలులోనూ కరగదు. ఇంజనుకు కావలసింది అదే గదా!

సిలికోను పేస్టును మేస్త్రి బొత్తిగా మానెయ్యలేదు. “తప్పు పేస్టుది కాదు, మాస్టారూ, చేతిది,” అన్నాడు. చాంబరుకు రెండు చివరల బేరింగు కిందికి వచ్చే బెండు పట్టీలు, పక్క గాస్కెట్లతో కలిసే మూలలు నాలుగు ఉంటాయి. రెండు ముక్కలు కలిసేచోట సందు తప్పదు. అక్కడ మాత్రం, నూనె జిడ్డు లేకుండా తుడిచి, కందిగింజంత చొప్పున పెట్టాడు. నాలుగు మూలలకు నాలుగు కందిగింజలు! ఈ పేస్టు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుచేత ఒక రోజంతా ఆగి గాని నూనె పోయలేదు. పెట్రోలు తగిలేచోట మామూలు సిలికోను వెయ్యనే గూడదు. అది ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది.

హెడ్డు గాస్కెట్టుకు ఏమీ పూయలేదు. శుభ్రంగా తుడిచిన రెండు ముఖాల నడుమ పొడిగానే పెట్టాడు. దాని మీద ‘టాప్’, ‘ఫ్రంట్’ అని రాసి ఉంటుంది. టాప్ పైకి, ఫ్రంట్ ముందుకు రావాలి. తిరగేసి పెడితే నీటి దారులూ నూనె దారులూ ఒకదానికొకటి సరిపోవు.

హెడ్డును బిగించే నట్లు పదకొండు. వాటిని వరసగా ఒక చివరనుంచి బిగించగూడదు. మధ్యదానితో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా, సుడి తిరిగినట్టు బయటికి పోవాలి. అదీ ఒక్కసారే కాదు. మొదట కొద్దిగా, మళ్లీ ఇంకొద్దిగా, మూడోసారి పుస్తకంలో చెప్పిన అంకె వరకు. ఎందుకని? చాప పరిచేటప్పుడు మధ్యనుంచి అంచులకు చేత్తో సవరిస్తే ముడతలు బయటికి పోతాయి. రెండు చివరలూ ముందే తొక్కిపట్టి మధ్యను నొక్కితే ముడత ఎక్కడికి పోతుంది? గాస్కెట్టు విషయమూ అంతే. ఎంత బలంతో బిగిసిందో చూపటానికి టార్కు రెంచి అనే స్పానరు ఉంటుంది. అతను బిగిస్తుంటే అమ్మాయి అంకెలు పైకి చదివింది. నేను కాగితం మీద టిక్కులు పెట్టాను.

ఇంకొక సంగతి. నట్టు బిగిస్తే ఆ మేకు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరు లాగినట్టే అది హెడ్డును కిందికి లాగి పట్టుకుంటుంది. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారితే గాస్కెట్టు మరికాస్త అణుగుతుంది, పట్టు సడలుతుంది. అందుచేత ఇటువంటి పాత ఇంజన్లకు కొద్దిగా నడిపిన తరువాత మళ్లీ బిగింపు చూడాలి. టాపెట్ల సందునూ మళ్లీ సరిచెయ్యాలి.

పదహారో రోజున ఇంజను అంటుకున్నది. నూనె ముల్లు లేచి నిలబడింది. రేడియేటరులో బుడగలు లేవు. సైలెన్సరు నుంచి తెల్లటి ఆవిరి రాలేదు. నూనె మజ్జిగ రంగుకు తిరగలేదు. ఈ మూడూ గాస్కెట్టు పోయిందనటానికి గుర్తులు. తక్కిన రెండు రోజులూ బిగింపులు చూడటంతో గడిచాయి.

మర్నాడు ఉదయం అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, “తాతగారూ, ఇంజను వెనక మూడు చుక్కలు కారింది!” అన్నది. కింద అట్టముక్క పరిచి లెక్కపెట్టిందట. నేను మేస్త్రి వంక చూశాను. అతను నవ్వాడు. ఈ నమూనా ఇంజనుకు క్రాంకు వెనక కొసన రబ్బరు సీలు లేదు. దాని బదులు ఇరుసు మీద మరలాంటి గాడి ఉంటుంది. ఇరుసు తిరిగేటప్పుడు ఆ మర, వెనక్కు పోబోయే నూనెను లోపలికి నెట్టేస్తుంది. ఇంజను ఆగితే మర కూడా ఆగుతుంది గదా! అప్పుడు ఒకటి రెండు చుక్కలు జారటం దాని స్వభావం. ఆ చుక్కలను ఆపుదామని మళ్లీ పేస్టు దిబ్బలు పూస్తే మొదటి కథే తిరిగి వస్తుంది. ఏ చుక్కను ఆపాలో, ఏ చుక్కను పోనివ్వాలో తెలియటం కూడా పనితనమే.

పిల్లలూ, ఇదంతా ఒక పాత కారు సంగతే గదా అనుకోకండి. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకన్లకే పేలిపోయింది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ కూడా ఉన్నది. ఆకాశంనుంచి పిల్లలకు పాఠం చెప్పాలని బయలుదేరిందామె. ఎన్నో బళ్లలో పిల్లలు టెలివిజన్ ముందు కూర్చుని చూస్తున్నారు. విచారించగా తేలిందేమంటే, పక్కనున్న రాకెట్టు భాగాలు కలిసేచోట రబ్బరు చుట్లు ఉన్నవి. వాటిని ఓ రింగులు అంటారు. ఆ రాత్రి చలి విపరీతంగా ఉండటంవల్ల రబ్బరు బిగుసుకుపోయి, సందును వెంటనే మూయలేకపోయింది. మంట ఆ సందులోంచి బయటికి వచ్చింది. విచారణ సంఘంలో ఉన్న రిచర్డ్ ఫేన్మన్ అనే భౌతిక శాస్త్రవేత్త, అటువంటి రబ్బరు ముక్కను నొక్కి పట్టి, అందరి ఎదుట మంచునీళ్ల గ్లాసులో ముంచి తీశాడు. పట్టు వదిలినా రబ్బరు వెంటనే మామూలు రూపానికి రాలేదు. చలికి ఆ రబ్బరు పనికిరాకుండా పోతుందని, బయలుదేరే ముందు రాత్రే కొందరు ఇంజనీర్లు హెచ్చరించారు. వాళ్ల మాట చెల్లలేదు. నేను పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి గాని ముందుకు పోలేను.

షెడ్డులో ఆ అమ్మాయి అడిగినదీ అటువంటి మాటే: “ఇది ఎందుకు సన్నగా వచ్చింది?” అడిగినప్పుడు వాళ్ల నాన్న ఆగి చూశాడు. అదే తేడా.

ఇప్పుడు మీరు ఇంట్లో ఒక గాస్కెట్టు చేసి చూడండి. నిప్పుతో పని గనుక పెద్దవాళ్లు ఒకరు పక్కన తప్పక ఉండాలి; ఒక చెంబెడు నీళ్లూ దగ్గర ఉంచుకోండి. అంచులు సమంగా ఉన్న గాజు గ్లాసులు రెండు, ఒకే కొలతవి, తీసుకోండి. వార్తాపత్రిక కాగితాన్ని నాలుగు మడతలు వేసి, గ్లాసు నోటికి మించిన బిళ్లగా కోసి, మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం చెయ్యండి. దాన్ని నీళ్లలో బాగా తడపండి. ఒక గ్లాసు అడుగున పొట్టి కొవ్వొత్తి ముక్కను నిలబెట్టి పెద్దవాళ్లచేత వెలిగించండి. మంట కాగితానికి అందనంత పొట్టిగా ఉండాలి. గ్లాసు మీద తడికాగితం పరిచి, దాని మీద రెండో గ్లాసును నోటికి నోరు సరిగా ఆనేటట్టు బోర్లించి మెల్లగా అదమండి. కొద్దిసేపట్లో కొవ్వొత్తి ఆరిపోతుంది. గ్లాసులు చల్లారేదాకా ఆగి, పై గ్లాసును పట్టుకుని మెత్తటి గుడ్డ మీదనే కొంచెం పైకి ఎత్తండి. కింది గ్లాసు కూడా అతుక్కుని లేస్తుంది!

వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయింది. మిగిలినది చల్లారి కుంచించుకున్నది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి రెండు గ్లాసులనూ కలిపి నొక్కింది. తడికాగితం లోపలికి గాలి పోనివ్వలేదు.

తరువాత అదే ప్రయోగాన్ని కాగితం లేకుండా, వట్టి గ్లాసులతోనే చేసి చూడండి. ఏమైందో, ఎందుకు అట్లా అయిందో మీ నోటుపుస్తకంలో మీ మాటల్లోనే రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.